వృత్తివైద్య విద్య – నంద్యాల సీమ కర్తవ్యము

నంద్యాలలో ప్రభుత్వ వైద్యకళాశాల 2023లో 150 సీట్లతో ప్రారంభమైనది. అంతకు పూర్వమే శాంతిరామ్ వైద్యకళాశాల ఈ పట్టణమున నెలకొనియున్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లా కేంద్రమైన ఈ యూరికి రెండు వైద్యకళాశాలలు లభించుట సంతోషింపదగిన విషయమే. ఒక తరము క్రిందట ఈ ప్రాంతపు యువకుడు వైద్యవిద్యకై కర్నూలుకో తిరుపతికో పోవలసియుండెను. అయితే కళాశాల వచ్చినంతమాత్రమున కర్తవ్యము ముగిసినట్లు కాదు. అందు ఏమి నేర్పుదురు, ఎవరిని చేర్చుకొందురు, నేర్చినవారు ఎవరికి పనికివత్తురు అను ప్రశ్నలు పిమ్మట బయలుదేరును. ఈ వారము మేము చర్చింపదలచినది ఆ ప్రశ్నలలో నొకటి. అది వృత్తివైద్యము, అనగా మనుష్యుడు చేయు పనివలన అతని దేహమునకు కలుగు వ్యాధులను గుర్తించి నివారించు శాస్త్రము. ఈ శాస్త్రమున పట్టానంతర విద్య నంద్యాలలో నెలకొనవలెననియు, అందు ప్రవేశమునకు ఈ సీమ యవసరములే కొలబద్ద కావలెననియు మా యభిప్రాయము.

ఈ సీమ రాళ్లసీమ. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ ప్రాంతపు శిలల పొరలకు పెట్టిన పేర్లను చూచినచో ఆ సంగతి తెల్లమగును. బనగానపల్లె శిల, ఔకు పలకరాయి, పాణ్యము క్వార్ట్‌జైటు, కోవెలకుంట్ల సున్నపురాయి, నంద్యాల పలకరాయి – ఇవన్నియు శాస్త్రగ్రంథములలో స్థిరపడిన నామములు. మన యూళ్ల పేర్లు ఈ విధముగా ప్రపంచ విద్వాంసుల నోట మెలగుచున్నవి. కాని యా రాళ్లను పగులగొట్టి, కోసి, నునుపుచేసి, చెక్కి జీవించు మనుష్యుల యూపిరితిత్తుల స్థితినిగూర్చి విచారించు విద్యాపీఠ మొక్కటైనను ఈ రాళ్ల నడుమ ఉండవలదా? రాతికి శాస్త్రమున్నది; రాతిపనివానికి శాస్త్రము వలదా?

ఆళ్లగడ్డ శిల్పుల కీర్తి నేడు క్రొత్తగా చెప్పవలసినది కాదు. అహోబిల క్షేత్రమునకు దారియైన ఆ పట్టణమున రహదారి ప్రక్కనే వరుసగా శిల్పశాలలు కనుపట్టును. దేవతామూర్తులు, ధ్వజస్తంభములు, నాయకుల విగ్రహములు అచ్చట తయారై దేశము నలుమూలలకు పోవుచున్నవి. ఆళ్లగడ్డ శిలాశిల్పమునకు భౌగోళిక గుర్తింపు సైతము లభించినది. ఇటు బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల ప్రాంతములలో నాపరాళ్ల గనులు, పాలిషు ఫ్యాక్టరీలు, సిమెంటు కర్మాగారములు వేలకొలది కుటుంబములకు కూడు పెట్టుచున్నవి. వీనిని నిందించుట మా యుద్దేశము కాదు. వానలు తప్పిన సంవత్సరములలో ఈ సీమ ప్రజలను వలస పోనీయక నిలిపినది ఈ రాయియే. కాని యన్నము పెట్టినదే యాయువును తీయకుండ చూచుకొనుట బుద్ధిమంతుల లక్షణము.

పూర్వము శిల్పి ఉలితోను సుత్తితోను పనిచేసెను. పెచ్చులు లేచెడివి, దుమ్మును కొంత లేచెడిది. నేడు విద్యుచ్ఛక్తితో తిరుగు కోత యంత్రములు, గ్రైండర్లు వచ్చినవి. నెలదినముల పని వారములో ముగియుచున్నది. లాభమే. కాని యా యంత్రపు చక్రము రాతిని తాకినపుడు లేచు పొగవంటి ధూళి పెచ్చులవలె క్రింద పడిపోవునది కాదు. కంటికి తెల్లగా కనుపడు దుమ్ములో గొప్పభాగము ముక్కులోను గొంతులోను నిలిచిపోవును. కంటికి కనుపడని సూక్ష్మరేణువులే, అనగా మిల్లీమీటరులో నూరవవంతునకు లోబడినవే, ఊపిరితిత్తుల లోతులకు చేరును. గ్రానైటు రాతిలో సుమారు నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వరకు స్ఫటిక సిలికా యుండును. క్వార్ట్‌జైటులో అంతకంటె మిక్కిలి హెచ్చు. సున్నపురాతిలో తక్కువయే కాని అన్ని పొరలలోను నొకే తీరున నుండదు. ఏ రాతిలో ఎంత, ఏ పనియందు గాలిలో ఎంత అని కొలిచి చూచినగాని తెలియదు. కొలుచుటకు చదివినవాడు కావలెను.

ఈ ధూళివలన కలుగు వ్యాధికి సిలికోసిస్ అని పేరు. ఊపిరితిత్తులలో చేరిన సిలికా రేణువును శరీరము జీర్ణింపజేసికొనలేదు. దాని చుట్టును గట్టి మచ్చలు ఏర్పడును. మెత్తని స్పంజివంటి యవయవము క్రమముగా గట్టిపడును. సామాన్యముగా పదియేండ్లో అంతకు పైననో గడచిన పిమ్మట లక్షణములు బయటపడును. ధూళి మిక్కిలి దట్టమైన చోట కొలది యేండ్లలోనే ముంచుకొనివచ్చును. పని మానిన తరువాతకూడ వ్యాధి పెరుగుచుండును. దీనిని పూర్తిగా మాన్పు మందు నేటికిని లేదు. కాని దీనిని రాకుండ చేయుట పూర్తిగా సాధ్యము. కుదుర్చ వీలులేని రోగము, ఆపుటకు వీలైన రోగము – ఈ రెండు లక్షణములు నొకచోట కలిసినపుడు నివారణ విద్యను నిర్లక్ష్యము చేయుటకంటె గొప్ప నేరము మరియొకటి లేదు.

మరియొక చిక్కు కలదు. దగ్గు, ఆయాసము, బరువు తగ్గుట, ఎక్స్‌రేలో మచ్చలు – ఇవి క్షయకును కలవు, సిలికోసిస్‌కును కలవు. సిలికా ధూళి పీల్చినవారికి క్షయ సోకు నవకాశము సైతము ఇతరులకంటె హెచ్చు. అందువలన రాతిపనివాడు దగ్గుచు ఆసుపత్రికి వచ్చినపుడు అతనికి క్షయ యొక్కటియే యున్నదో, సిలికోసిస్ యున్నదో, రెండును కలిసియున్నవో తేల్చుటకు ప్రత్యేక శిక్షణ కావలెను. అంతర్జాతీయ కార్మిక సంస్థవారు ధూళి వ్యాధుల ఎక్స్‌రేలను చదువుటకు ప్రమాణ చిత్రములతో నొక పద్ధతిని యేర్పరచియున్నారు. ఆ పద్ధతి నభ్యసింపని కన్నులకు ఆ చిత్రము సగమే పలుకును. మన దేశమున సిలికోసిస్ 1947లోనే కోలారు బంగారు గనులలో వెల్లడియైనది. ఆ గనులలో మన తెలుగు కూలీలును పనిచేసిరి. అప్పటినుండి ముప్పాతిక శతాబ్దము గడచినది. వ్యాధి క్రొత్తది కాదు. మన యశ్రద్ధయు క్రొత్తది కాదు.

రాయి యొక్కటియే కాదు. ఈ నల్లరేగడి భూములలో పత్తి పండును. జిన్నింగు మిల్లులలో ఎగురు పత్తిధూళివలన బిస్సినోసిస్ అను శ్వాసవ్యాధి కలుగును. సెలవు గడచి పనిలోనికి వచ్చిన మొదటి దినముననే ఛాతీ పట్టివేయుట దాని తొలి గుర్తు. పొలములో పురుగుమందు చల్లు కూలీకి చర్మముగుండను, శ్వాసద్వారమునను విషము లోనికి పోవును. రక్తపరీక్షచే దానిని ముందుగనే పసిగట్టవచ్చును. సిమెంటు పొడి చర్మమును, కన్నులను బాధించును. యంత్రముల రొద చెవులను చెడగొట్టును. ఇవి యన్నియు వృత్తివైద్యపు పరిధిలోనివే. కాబట్టి ఈ శాస్త్రమునకు నంద్యాల సీమయే యొక సహజ పాఠశాల.

ఈ శాస్త్రమునకు మూలపురుషుడని చెప్పదగిన బెర్నార్దినో రామజ్జీని ఇటలీదేశపు వైద్యుడు. 1700లో ప్రకటించిన వృత్తిరోగముల గ్రంథమున రాతిచెక్కువారిగూర్చి యొక ప్రకరణమే వ్రాసియున్నాడు. వైద్యుడు రోగిని అడుగవలసిన పాతప్రశ్నలకు ఆయన మరియొక ప్రశ్నను చేర్చెను: నీవేమి పని చేయుదువు? మూడువందల యేండ్లు దాటినను ఈ చిన్న ప్రశ్న మన యాసుపత్రి చీటీలపై స్థిరముగా చోటు సంపాదింపలేదు. పేరు, వయస్సు, ఊరు వ్రాయుదురు. పని వ్రాసినను ‘కూలి’ అని యొక్క మాటతో సరిపెట్టుదురు. ఏ కూలి? కోతయంత్రము ముందు కూర్చుండు కూలియా, పత్తి మిల్లులో మూటలెత్తు కూలియా, పురుగుమందు చల్లు కూలియా? ఈ భేదములోనే రోగనిర్ణయము దాగియున్నది.

ఇక ఈ విద్య దేశమున ఎట్లున్నదో చూతము. ఎం.బి.బి.ఎస్. పట్టము పొందిన వైద్యులకై అసోసియేట్ ఫెలో ఆఫ్ ఇండస్ట్రియల్ హెల్త్ అను మూడు నెలల శిక్షణ కలదు. ముంబయిలోని కేంద్ర కార్మిక సంస్థయు, చెన్నై, కోల్‌కతా, కాన్పూరు, ఫరీదాబాదులలోని ప్రాంతీయ సంస్థలును, అనుమతి పొందిన మరికొన్ని విద్యాలయములును దీనిని నడుపుచున్నవి. కేంద్రప్రభుత్వపు ఈ యయిదు సంస్థలలో నొక్కటియు ఆంధ్రప్రదేశమునగాని తెలంగాణమునగాని లేదు. పరిశోధనకు 1966లో స్థాపితమైన జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ అహమ్మదాబాదున నున్నది; దాని శాఖలు బెంగుళూరునను కోల్‌కతాలోను కలవు. సామాజిక వైద్యమున మూడేండ్ల ఎం.డి. చదువువారికి వృత్తిరోగములు పాఠ్యభాగములలో నొకటి మాత్రమే.

మూడు నెలల చదువునకు ఎవరు పోగలరు? పెద్ద కర్మాగారమున నుద్యోగము గల వైద్యుని అతని యజమాని పంపును. చట్టమున కవసరమైన పత్రము చేతికి వచ్చును. అతడు మరల ఆ కర్మాగారమునకే పోవును. ఇందు తప్పులేదు. కాని ఆళ్లగడ్డలోనో బేతంచెర్లలోనో చిన్న ఆసుపత్రి నడుపు వైద్యుడు తన రోగులను విడిచి మూడు మాసములు చెన్నపట్టణమున నెట్లుండగలడు? ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి సెలవిచ్చి పంపువారెవరు? ఫలితమేమనగా, ఈ విద్య యున్నచోట రోగి తక్కువ; రోగి యున్నచోట ఈ విద్య లేదు.

చట్టపు సంగతియు గమనింపవలెను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము సిలికోసిస్, బిస్సినోసిస్ మొదలగు వ్యాధులను ప్రకటింపవలసిన వ్యాధులుగా పేర్కొనియుండెను. వైద్యుడు అట్టి రోగిని చూచినచో అధికారులకు తెలుపవలసియుండెను. 1984 భోపాల్ ఘోరము తరువాత 1987లో ఆ చట్టమును కట్టుదిట్టము చేసిరి. ఇప్పుడు 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చి, పాతచట్టముల స్థానము నాక్రమించినది. నలుబది యేండ్లు దాటిన కార్మికులకు ఏటేట ఉచిత వైద్యపరీక్ష చేయింపవలెనని ప్రభుత్వమువారు ప్రకటించినారు. ఇది మంచిదే. కాని ఆ పరీక్ష చేయువారెవరు? సిలికోసిస్ మచ్చను గుర్తింపలేని కన్ను వేయి ఎక్స్‌రేలు చూచినను, అది పరీక్ష కాదు, సంతకము మాత్రమే. అదియునుగాక నలుబది యేండ్ల వరకు వేచియుండుట ఇరువదియేండ్లకు ముందే యంత్రము పట్టిన శిల్పికి ఏమి మేలు చేయును?

మరియొకటి. విద్యుచ్ఛక్తితో నడుచు కర్మశాల పదిమంది పనివారుండినచో పాతచట్టము క్రింద ఫ్యాక్టరీ యనబడెడిది. క్రొత్త స్మృతిలో ఆ సంఖ్య ఇరువది యైనది. శిల్పశాలలలో ననేకములు కుటుంబములు నడుపునవి. అయిదుగురో పదిమందియో పనిచేయునవి. అట్టివి లెక్కలోనికి రాకుండ జారిపోవును. అయితే ప్రమాదకరమైన పని జరుగుచోట ఒక్క కార్మికుడున్నను స్మృతిని వర్తింపజేయుటకు ప్రభుత్వమునకు అధికారము కలదు. పొడి రాతికోతను అట్టి పనిగా ప్రకటింపుమని మన ప్రజాప్రతినిధులు అడుగవలసియున్నది. కాని చట్టము ప్రకటించినను చూచువాడు లేక వ్యర్థము. కాబట్టి మరల విద్యకడకే రావలసియున్నది.

మేము కోరునది ఇది. నంద్యాల ప్రభుత్వ వైద్యకళాశాలలో సామాజిక వైద్యశాఖకును, శ్వాసకోశ వైద్యశాఖకును అనుబంధముగా వృత్తివైద్య విభాగము నొకదానిని నెలకొల్పవలెను. మొదట మూడు నెలల శిక్షణకు అనుమతి పొంది, దానిని విడతలుగా, వారమునకు రెండు దినములచొప్పున నడిపినచో ఊరి వైద్యుడును చేరగలడు. పిదప ఒక సంవత్సరపు డిప్లొమాను 1986లో స్థాపితమైన ఆరోగ్యశాస్త్ర విశ్వవిద్యాలయము ద్వారా ప్రారంభింపవచ్చును. ప్రవేశమునకు మూడు నియమములు చాలును. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో పనిచేయు వైద్యులకు సీట్లలో సగమైనను కేటాయింపవలెను. చేరినవారు చదువు ముగిసిన పిమ్మట కనీసము మూడేండ్లు గనుల, రాతిపని, మిల్లుల ప్రాంతములలో పనిచేయుదుమని మాట యీయవలెను. వైద్యులకు మాత్రమే తలుపు తెరువక, రసాయన, భౌతిక శాస్త్రములలో పట్టము పొందినవారికి గాలిలోని ధూళిని కొలుచు విద్యయందును, నర్సులకు కార్మిక ఆరోగ్య సేవయందును వేరుగా చోటీయవలెను. రోగమును వైద్యుడు కనిపెట్టును. ధూళిని కొలుచువాడు రోగమును రాకుండ చేయును. ఇద్దరిలో రెండవవాడే ముఖ్యుడు.

ధనము లేదని కొంద రందురు. ఈ విభాగమునకు క్రొత్త భవనములు వలదు. ఎక్స్‌రే యంత్రము, శ్వాసబలమును కొలుచు సాధనము, గాలిని వడకట్టి ధూళిని పట్టు పంపులు, శిక్షణ పొందిన యధ్యాపకులు నలుగురు – ఆరంభమున కింత చాలును. ఖనిజములవలన ప్రభుత్వమునకు వచ్చు రాయల్టీకి తోడు, గనుల ప్రాంత ప్రజల మేలుకై జిల్లా ఖనిజ నిధులు 2015 నుండి చట్టబద్ధముగా నేర్పడుచున్నవి. ఆరోగ్యము ఆ నిధి వ్యయములలో ముఖ్యమైనదని నియమములే చెప్పుచున్నవి. రాతినుండి వచ్చిన ధనమును రాతిపనివాని ఊపిరికై వెచ్చించుట కంటె న్యాయమైన వ్యయమేది?

వ్యాధిని వెదకినచో పని మూతపడునని మరికొంద రందురు. ఈ భయము కూలీలలోనే హెచ్చుగా నున్నదనియు మేమెరుగుదుము. దానిని తేలికగా త్రోసివేయరాదు. కాని కోతచక్రముపై నీరు ధారగా పడునట్లు చేసినచో ధూళిలో గొప్పభాగము అణగిపోవును. నీరు పనికిరాని సన్నపు చెక్కడమునకు ధూళిని మూలమునందే పీల్చు గొట్టములు కలవు. ముఖమునకు సరిగా నమరు ముసుగు ఇంకొక రక్ష. మెడలోని తువ్వాలును నోటికి చుట్టుట రక్ష కాదు. ఈ యేర్పాట్లు శిల్పమును ఆపవు. శిల్పి పనిచేయు యేండ్లను పెంచును. చేయితిరిగిన శిల్పి నలుబదియైదవ యేట మూలబడుటవలన కలుగు నష్టము పంపు ఖర్చుకంటె తక్కువయా? ఒక్క మాట మాత్రము చట్టమునను ఆచారమునను స్థిరపడవలెను: రోగము బయటపడినవానికి ధూళిలేని వేరుపని, నష్టపరిహారము రెండును దొరకవలెను. 1923 నాటి నష్టపరిహారపు చట్టము వృత్తివ్యాధులను గాయములతో సమానముగా నెంచెను. ఆ సూత్రము నేటికిని చెల్లవలసినదే. అట్టి యభయము లేనిచో ఏ కూలియు పరీక్షకు రాడు.

రాజస్థానమును చూడుడు. సిరోహి జిల్లాలో పిండ్వారా ప్రాంతమున దేవాలయములకు రాళ్లు చెక్కు పనివారు సిలికోసిస్‌చే పీడితులైనారు. వారి పని ఆళ్లగడ్డవారి పనివంటిదే. ఆ రాష్ట్రము 2019లో ధూళివ్యాధులకు ప్రత్యేక విధానమును ప్రకటించి, వ్యాధి నిర్ధారితమైన వారికి 3 లక్షల రూపాయలను, మరణించినచో కుటుంబమునకు 2 లక్షలను ఇచ్చు నేర్పాటు చేసినది. ధనము ప్రాణమును తేలేదు; కాని ఆ విధానముచే రోగి లెక్కలోనికి వచ్చినాడు. చిన్నదేశమైన ఫిన్లండు 1945లోనే వృత్తి ఆరోగ్య సంస్థను స్థాపించుకొని, ఈ వైద్యమును ప్రత్యేక శాఖగా పెంచుకొన్నది. క్షేమకరమైన పనిచోటు కార్మికుని మౌలికమైన హక్కులలో నొకటియని 2022లో అంతర్జాతీయ కార్మిక మహాసభ తీర్మానించినది.

ఇట్టి కోరిక నంద్యాలకు మించినదని తలంపవలదు. 1906లోనే ఈ పట్టణమున వ్యవసాయ పరిశోధనా క్షేత్రము నెలకొన్నది. నల్లరేగడిలో పత్తి, జొన్న ఎట్లు పండునో నల్లరేగడిలోనే పరిశీలింపవలెనని ఆనాటివారు గ్రహించిరి. పత్తిమొక్కను చెన్నపట్టణమునకు తీసికొనిపోయి పరీక్షింపలేదు. శాస్త్రమునే మొక్కకడకు తెచ్చిరి. మొక్కకు జరిగిన మర్యాద మనుష్యునకు జరుగరాదా? 1928లో ఈ నంద్యాలలో జరిగిన సభలోనే చిలుకూరి నారాయణరావు గారి సూచనపై ‘దత్తమండలము’ అను పేరు పోయి ‘రాయలసీమ’ అను గౌరవనామము వచ్చినది. పేరును మార్చుకొనుటకు సాహసించిన పట్టణము విద్యను సంపాదించుకొనుటకు వెనుదీయునా?

పాఠక మహాశయులారా, ప్రభుత్వమువారు చేయువరకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండ నవసరము లేదు. పట్టణములోని వైద్యులు ప్రతి రోగి చీటీపైనను అతడు చేయు పనిని, ఎన్నియేండ్లుగా చేయుచున్నాడో దానిని వ్రాయుట రేపటినుండియే ఆరంభింపవచ్చును. దానికి చట్టమును ధనమును అక్కరలేదు. ఆలయ ధర్మకర్తలును, విగ్రహములు చేయింపదలచిన సంఘములవారును తమ యొప్పందమున నొక వాక్యము చేర్పవచ్చును: ఈ పని నీటికోతతోను ధూళిని పీల్చు గొట్టముతోను జరుగవలెను, దాని వ్యయము మేము భరింతుము. దేవుని మూర్తిని కోరువాడు ఆ మూర్తిని చెక్కినవాని యూపిరిని మూల్యముగా కోరడుగదా. పఠనమందిరములవారు ఈ విషయమై సభలు జరిపి, తీర్మానములను శాసనసభ్యులకును, విశ్వవిద్యాలయమునకును పంపవచ్చును. కళాశాలలో చేరిన యువకులారా, హృద్రోగ వైద్యమునకును శస్త్రచికిత్సకును మీలో పోటీ మిక్కుటముగా నున్నది. ఈ శాఖ ద్వారమున ఆ రద్దీ లేదు. అందు ప్రవేశించినవాడు ఒక జీవితకాలమున నెన్ని ఊపిరులను నిలుపగలడో యోచింపుడు.

రాతిలో నుండి దైవమును వెలికిదీయు చేతులు మన సీమకు దొరకినవి. ఆ చేతుల వెనుకనున్న గుండెను, ఊపిరిని కాపాడు విద్య కావలెను. నంద్యాల దానిని అడుగవలెను, అడిగి, సాధింపవలెను.